పేస్‌మేకర్ ఉన్నవారు మిక్సీ, ఫ్యాను, కుట్టు మిషను వాడవచ్చా?
(ఇంట్లోని చిన్న మోటార్లు, వాటి విద్యుదయస్కాంత క్షేత్రాల గురించి ఒక పాఠం)

పేస్‌మేకర్ అమర్చిన రోగిని ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ వివరిస్తాం, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతాం. అంతా విన్న తరువాత వెంట వచ్చిన వారు అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. "అమ్మ మిక్సీ వేసుకోవచ్చా?" "నాన్నగారు నీళ్ల మోటారు స్విచ్ వేయవచ్చా?" "ఫ్యాను కింద పడుకుంటే ఏమీ కాదు కదా?" "కుట్టు మిషను మానెయ్యాలా డాక్టరు గారూ?"

చివరి ప్రశ్న వెనుక ఒక్కోసారి ఇంటి జీవనోపాధి ఉంటుంది. ఎవరో చెప్పారని కుట్టు పని మానేసినవారు, ఫ్యాను వేసుకోకుండా మండు వేసవిలో ఉక్కపోత భరించేవారు కూడా ఉంటారు. అదే ఇంట్లో వాషింగ్ మెషీన్ ప్లగ్గుకు మూడో పిన్ను విరిగిపోయి ఉంటుంది. దాని గురించి మాత్రం ఎవరూ అడగరు. భయం ఒకచోట, ప్రమాదం ఇంకొకచోట ఉన్నాయన్నమాట. ఈ రెండింటినీ విడదీసి చూపడమే ఈ పాఠం ఉద్దేశం.

మోటారు చుట్టూ ఏముంటుంది?

తీగలో కరెంటు పారితే దాని పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ అయిర్‌స్టెడ్ 1820లో గమనించాడు. అంటే కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ ఒక అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తీగను చుట్టలుగా చుట్టి మధ్యలో ఇనుము పెడితే ఆ క్షేత్రం బలపడుతుంది. మోటారు తిరిగేది ఈ బలంతోనే. అందులో ఎక్కువ భాగం ఇనుములోనే ఉండిపోతుంది. కొద్ది భాగం మాత్రం బయటికి వస్తుంది.

మన ఇళ్లకు వచ్చేది ఏసీ కరెంటు. అది సెకనుకు 50 సార్లు ముందుకూ వెనుకకూ ఊగుతుంది. దీనినే 50 హెర్ట్జ్ అంటాం. కాబట్టి మోటారు చుట్టూ ఉండే క్షేత్రం కూడా సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఇది ఎక్స్‌రే వంటిది కాదు. ఎక్స్‌రే కిరణాలకు శరీర కణాలలోని అణువులను విడగొట్టే శక్తి ఉంది. 50 హెర్ట్జ్ క్షేత్రానికి ఆ శక్తి లేదు. "రేడియేషన్" అన్న ఒకే మాటను రెండింటికీ వాడటం వలననే సగం భయం పుడుతోంది.

ఇంకొక సంగతి. అయస్కాంత క్షేత్రం కరెంటు పారుతున్నప్పుడే ఉంటుంది. స్విచ్ ఆపితే అదీ ఆగిపోతుంది, వస్తువులో మిగిలి ఉండదు. విద్యుత్ క్షేత్రం అనేది వేరే. ప్లగ్గు పెట్టి ఉండి, తీగకు వోల్టేజి అందుతున్నంత సేపు అది కొద్దిగా ఉంటుంది. గోడలు, మన చర్మం దానిని చాలావరకు అడ్డుకుంటాయి. అయస్కాంత క్షేత్రాన్ని అలా అడ్డుకోలేము. దానికి మందు దూరమే.

దూరం జరిగితే ఎంత తగ్గుతుంది?

అయస్కాంత క్షేత్రాన్ని మైక్రోటెస్లాలలో కొలుస్తారు. మన ప్రాంతంలో భూమి సహజంగా కలిగి ఉన్న క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. అయితే అది ఊగకుండా నిలకడగా ఉంటుంది. ఇంటి పరికరాల చుట్టూ ఉండే క్షేత్రాలపై జర్మనీ ప్రభుత్వ రేడియేషన్ భద్రతా కార్యాలయం 1999లో ఇచ్చిన కొలతలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రజల కోసం ఉదహరించింది. వాటిలో కొన్ని చూడండి. అన్నీ మైక్రోటెస్లాలలోనే.

హెయిర్ డ్రయ్యర్: 3 సెంటీమీటర్ల దూరంలో 6 నుండి 2000, 30 సెంటీమీటర్లలో 0.01 నుండి 7. ఒక మీటరులో 0.01 నుండి 0.03.

ఎలక్ట్రిక్ షేవర్: 3 సెంటీమీటర్లలో 15 నుండి 1500, 30 సెంటీమీటర్లలో 0.08 నుండి 9. ఒక మీటరులో 0.01 నుండి 0.03.

డ్రిల్లింగ్ మిషను: 3 సెంటీమీటర్లలో 400 నుండి 800, 30 సెంటీమీటర్లలో 2 నుండి 3.5, ఒక మీటరులో 0.08 నుండి 0.2.

వాషింగ్ మెషీన్: 3 సెంటీమీటర్లలో 0.8 నుండి 50. 30 సెంటీమీటర్లలో 0.15 నుండి 3. ఒక మీటరులో 0.01 నుండి 0.15.

ఫ్రిజ్: 3 సెంటీమీటర్లలో 0.5 నుండి 1.7, 30 సెంటీమీటర్లలో 0.01 నుండి 0.25.

ఈ అంకెలలో రెండు విషయాలు గమనించండి. మొదటిది, వస్తువు పెద్దదైతే క్షేత్రం పెద్దదని కాదు. గుప్పెట్లో పట్టే షేవర్ మోటారు చర్మానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి దాని అంకె పెద్దది. బీరువా అంత ఫ్రిజ్‌లో మోటారు వెనుక అడుగున ఎక్కడో ఉంటుంది కాబట్టి దాని అంకె చిన్నది. రెండవది, దూరం పెరిగేకొద్దీ క్షేత్రం ఎంతో వేగంగా పడిపోతుంది. చిన్న మోటారు విషయంలో దూరం రెండింతలైతే క్షేత్రం సుమారు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. మూడింతలైతే ఇరవై ఏడో వంతుకు తగ్గుతుంది. సీలింగ్ ఫ్యాను మంచానికి రెండు మీటర్ల పైన ఉంటుంది. ఆ దూరంలో దాని క్షేత్రం గురించి ఆలోచించవలసిన పని లేదు.

హార్మోనిక్స్ అంటే ఏమిటి?

చర్చిలో హార్మోనియం మీద ఒక్క మెట్టు నొక్కినా మనకు వినిపించేది ఒక్క స్వరం కాదు. అసలు స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగంగా కంపించే సన్నని స్వరాలు కలిసి వస్తాయి. కరెంటులోనూ ఇలాగే జరుగుతుంది. 50 హెర్ట్జ్ అల నున్నగా ఉంటే అందులో వేరే ఏమీ ఉండదు. ఆ అల ఆకారం చెడితే 150, 250, 350 హెర్ట్జ్ వంటి అలలు అందులో చేరతాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు.

మన ఇంట్లో ఈ అల ఎక్కడ చెడుతుంది? ముఖ్యంగా మూడు చోట్ల.

ఒకటి, ఫ్యాను రెగ్యులేటర్. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటర్‌లో తీగ చుట్ట వేడెక్కి కొంత కరెంటును తినేసేది. అల ఆకారాన్ని పెద్దగా మార్చేది కాదు. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేరు. అది ప్రతి అలలోనూ మొదటి ముక్కను కత్తిరించి, మిగిలిన దానినే ఫ్యానుకు పంపుతుంది. వేగం తగ్గించేకొద్దీ కోత పెరుగుతుంది. తక్కువ వేగంలో ఫ్యాను గుయ్యిమని రొద చేసేది ఇందువలననే. కండెన్సర్లతో పనిచేసే మెట్ల రెగ్యులేటర్లలో ఈ కోత ఉండదు, రొద కూడా తక్కువ.

రెండు, మిక్సీ, డ్రిల్లింగ్ మిషను, కుట్టు మిషను మోటారు వంటివి. వీటిలో తిరిగే భాగానికి కరెంటు అందించడానికి కార్బన్ బ్రష్షులు రాసుకుంటూ ఉంటాయి. అక్కడ సన్నని నిప్పురవ్వలు పుడతాయి. చీకట్లో మిక్సీ వెనుక సందుల్లోంచి చూస్తే నీలిరంగు మెరుపులు కనిపించేది అవే. వాటి వలన ఎన్నో వేగాల అలలు కలగాపులగంగా పుడతాయి. మిక్సీ వేసినప్పుడు రేడియో గరగరలాడేది అందుకే.

మూడు, ఎలక్ట్రానిక్స్‌తో నడిచే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఇన్వర్టర్ వాషింగ్ మెషీన్లు. ఇవి కరెంటును ముందు ఏసీ నుండి డీసీగా మార్చుకుంటాయి. ఆ మార్పులో కొన్ని హార్మోనిక్స్ తిరిగి లైనులోకి వస్తాయి.

హార్మోనిక్స్ వలన శరీరానికి ప్రత్యేకమైన హాని ఏమీ లేదు. అవి ఇబ్బంది పెట్టేది సున్నితమైన యంత్రాలను, సన్నని తీగలను. చర్చి హాలులో ఫ్యాన్లన్నీ తక్కువ వేగంలో పెట్టినప్పుడు మైకులో జుయ్యిమనే శబ్దం వస్తే దానికి కారణం చాలాసార్లు ఇవే. వినికిడి యంత్రాన్ని టెలికాయిల్ మీద పెట్టుకునే పెద్దలకు ఆ జుయ్యిమనే శబ్దం ఇంకా గట్టిగా వినిపిస్తుంది. అటువంటి వారిని రెగ్యులేటర్ల బోర్డుకు దూరంగా కూర్చోబెట్టండి. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న హాళ్లలో మరొక జాగ్రత్త కావాలి. 150 హెర్ట్జ్ హార్మోనిక్స్ మూడు ఫేజులలోవీ ఒకదానినొకటి రద్దు చేసుకోకుండా న్యూట్రల్ తీగలో కలుస్తాయి. అందువలన న్యూట్రల్ తీగ సన్ననిదైతే వేడెక్కుతుంది. వైరింగ్ చేయించేటప్పుడు ఈ మాట ఎలక్ట్రీషియన్‌కు గుర్తుచేయండి.

ఈసీజీ గదిలో ఫ్యాను ఎందుకు ఆపుతారు?

గుండె కొట్టుకున్నప్పుడు చర్మం మీదికి వచ్చే విద్యుత్ సంకేతం సుమారు ఒక మిల్లీవోల్టు. అంటే వోల్టులో వెయ్యో వంతు. గోడలోని తీగలో ఉన్నది 230 వోల్టులు. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా ఊహించండి! ఇంత సన్నని సంకేతాన్ని కాగితం మీద గీయించే పద్ధతిని నిలబెట్టినందుకే డచ్చి వైద్యుడు విల్లెం ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి లభించింది.

మన శరీరం చుట్టూ ఉన్న తీగల నుండి 50 హెర్ట్జ్ సంకేతాన్ని కొద్దికొద్దిగా అందుకుంటూ ఉంటుంది. మనకు అది తెలియదు, హాని చేయదు. ఈసీజీ యంత్రానికి మాత్రం తెలుస్తుంది. అప్పుడు సన్నగా రావలసిన గీత ముళ్లుముళ్లుగా, మందంగా వస్తుంది. యంత్రంలో 50 హెర్ట్జ్‌ను తీసివేసే ఫిల్టర్ ఉంటుంది. కానీ హార్మోనిక్స్ వచ్చి కలిస్తే ఆ ఫిల్టర్ ఒక్కటే చాలదు. పెద్దల ఈసీజీలో 150 హెర్ట్జ్ వరకు ఉన్న వివరాలు డాక్టరుకు కావాలి. రెగ్యులేటర్ పుట్టించే 150 హెర్ట్జ్ అల సరిగ్గా అక్కడికే వచ్చి పడుతుంది. గట్టిగా వడపోస్తే అలతో పాటు గుండె వివరం కూడా పోతుంది. అందుకే వడపోయడం కంటే ఫ్యాను ఆపడం మేలు. గాలికి చలి పుట్టి కండరాలు వణికినా గీత చెడుతుంది. ఫ్యాను ఆపడానికి అదీ ఒక కారణం.

మీరు చేయగలిగినది: సెల్‌ఫోను పక్కన పెట్టండి. మంచం ఇనుప పట్టీని, గోడను తాకకండి. చేతులు కాళ్లు వదులుగా ఉంచండి. ఆ రెండు నిమిషాలు ఉక్కపోతను ఓర్చుకోండి.

పేస్‌మేకర్ ఏమి వింటుంది?

శరీరంలో పూర్తిగా అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్‌ను 1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని స్టాక్‌హోంలో ఆకె సెన్నింగ్ అనే సర్జను అమర్చారు. దానిని తయారుచేసినవారు రూనె ఎల్మ్‌క్విస్ట్. దానిని పొందిన ఆర్నె లార్సన్ ఆ తరువాత ఎన్నో పేస్‌మేకర్లు మార్పించుకుంటూ 2001 వరకు, 86 ఏళ్ల వయసు దాకా జీవించారు. కరెంటుతో నడిచే వస్తువుల మధ్యనే ఆయన అన్నేళ్లూ బ్రతికారు.

ఆ తొలి పేస్‌మేకర్ గుండెకు ఒకే వేగంతో దెబ్బ అందిస్తూ ఉండేది. ఇప్పటివి గుండె మాట వింటాయి. గుండె తానుగా కొట్టుకుంటే ఊరుకుంటాయి, ఆలస్యం చేస్తే అందుకుంటాయి. అవి వినే సంకేతం కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. మోటారును ఛాతీకి ఆనించి పట్టుకుంటే ఆ ఊగే క్షేత్రాన్ని పేస్‌మేకర్ గుండె చప్పుడుగా పొరబడవచ్చు. అప్పుడు రెండింటిలో ఒకటి జరుగుతుంది. గుండె బాగానే కొట్టుకుంటోందనుకుని అది కొద్దిసేపు ఊరుకోవచ్చు. లేదా, ఇది గుండె చప్పుడు కాదు, బయటి రొద అని గుర్తించి, వినడం మాని ఒకే వేగంతో కొట్టడం మొదలుపెట్టవచ్చు. దూరం జరగగానే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. పరికరం చెడిపోదు.

ఇప్పటి పరికరాలకు టైటానియం లోహపు కవచం, లోపల రొదను వడపోసే ఫిల్టర్లు ఉన్నాయి. రెండు కొనల మధ్య దగ్గర దగ్గరగా వినే బైపోలార్ లీడ్లు ఉన్నాయి. అందువలన ఇంట్లో ఇబ్బంది కలగడం అరుదు. ఐసీడీ ఉన్నవారు మాత్రం కొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. గుండె అదుపు తప్పి కొట్టుకున్నప్పుడు లోపలి నుండే షాకు ఇచ్చి సరిచేసే పరికరం ఐసీడీ. అది పొరబడితే అవసరం లేకుండానే షాకు ఇవ్వవచ్చు.

ఏ వస్తువు ఎంత దూరంలో ఉండాలి?

పరికరం తయారీదారులు ఇచ్చే సాధారణ సూచనలు ఇవి. దూరాన్ని ఛాతీలో పరికరం ఉన్నచోటు నుండి లెక్కించాలి. మీ పరికరంతో ఇచ్చిన కార్డులో, పుస్తకంలో వేరుగా ఉంటే దానినే పాటించండి.

మిక్సీ, గ్రైండర్, కుట్టు మిషను, షేవర్, హెయిర్ డ్రయ్యర్, చేతి డ్రిల్లింగ్ మిషను: 15 సెంటీమీటర్లు. కొలబద్ద అక్కరలేదు. జానెడు దూరం ఉంటే చాలు. మిక్సీ మూతను చేత్తో నొక్కి పట్టుకోవచ్చు, కానీ ఛాతీని దానికి ఆనించి వంగవద్దు. కుట్టు మిషను మీద పని చేసుకోవచ్చు. మోటారు వైపు ఒరిగి, దారం ఎక్కించడానికి దాని మీదికి వంగేటప్పుడు స్విచ్ ఆపండి. షేవర్‌తో గడ్డం చేసుకోవచ్చు, దానిని పరికరం మీద పెట్టవద్దు.

ఫ్యాను, కూలర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్: మామూలుగా వాడే దూరమే చాలు.

నీళ్ల మోటారు: స్విచ్ నిరభ్యంతరంగా వేయవచ్చు. నడుస్తున్న మోటారును కౌగిలించుకున్నట్టు వంగి చూడవద్దు. పిండి మర, వర్క్‌షాపు వంటి చోట్ల పెద్ద మోటార్ల దగ్గర పనిచేసేవారు, వెల్డింగు పని చేసేవారు పనిలోకి వెళ్లే ముందు తప్పనిసరిగా డాక్టరుతో మాట్లాడాలి.

ఇండక్షన్ పొయ్యి: ఇది మోటారు కాదు, కానీ అందరూ అడుగుతారు. దీనికి 60 సెంటీమీటర్లు, అంటే రెండు అడుగుల దూరం చెబుతారు. వంట చేసేవారికి ఆ దూరం పాటించడం కష్టం కాబట్టి గ్యాసు పొయ్యి మేలు.

సెల్‌ఫోను: 15 సెంటీమీటర్లు. చొక్కా జేబులో పెట్టుకోవద్దు. పరికరం లేని వైపు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

స్పీకర్లు: వీటిలో నిలకడ అయస్కాంతం ఉంటుంది. అది దగ్గరగా వస్తే పేస్‌మేకర్ ఒకే వేగానికి మారుతుంది. ఐసీడీ అయితే చికిత్స ఇవ్వడం తాత్కాలికంగా ఆపేస్తుంది. పరికరం ఉన్నవారు స్పీకరు పెట్టెను గుండెలకు హత్తుకుని మోయవద్దు.

ఏ వస్తువు దగ్గరైనా తల తిరిగినా, గుండె దడగా అనిపించినా, ఐసీడీ షాకు ఇచ్చినా వెంటనే ఆ వస్తువును వదిలి దూరం జరగండి. తరువాత మాకు తెలియజేయండి.

అసలు ప్రమాదం మూడో పిన్ను దగ్గర ఉంది

ఇంతవరకు గాలిలో ఉండే క్షేత్రం గురించి చెప్పాం. అది జానెడు దూరంతో తీరిపోయే విషయం. వస్తువు నుండి మన ఒంట్లోకి కారే కరెంటు అలా తీరేది కాదు.

మోటారు చుట్టల మీది పూత పాతబడినా, తేమ చేరినా, కొద్ది కరెంటు వస్తువు ఇనుప బాడీకి వస్తుంది. పైన చెప్పిన రొదను లైనులోకి రానీయకుండా కొన్ని వస్తువులలో కండెన్సర్లు పెడతారు. వాటి ద్వారా కూడా కొద్దిపాటి కరెంటు బాడీకి చేరుతుంది. ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే మూడో పిన్ను పని ఆ కరెంటును భూమిలోకి పంపడమే. ఆ పిన్ను విరిగినా, రెండు పిన్నుల ప్లగ్గు పెట్టినా, గోడలో ఎర్త్ వైరు లేకపోయినా ఆ కరెంటు ఎదురుచూస్తూ ఉంటుంది. తడి చేత్తో తాకినవారి శరీరమే దానికి దారి అవుతుంది.

సుమారు ఒక మిల్లీ ఆంపియరు కరెంటు ఒంట్లో పారితే చేతికి జివ్వుమంటుంది. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర కండరాలు బిగుసుకుని, పట్టుకున్నదానిని వదలలేము. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొద్దిసేపు పారితే ఊపిరికీ గుండెకూ అపాయం. ఒక మామూలు సీలింగ్ ఫ్యాను తీసుకునే కరెంటే 300 మిల్లీ ఆంపియర్ల పైమాట. అందులో పదో వంతు ప్రాణం తీయగలదు.

ఐసీడీ ఉన్నవారికి ఇందులో ఇంకొక అపాయం ఉంది. మనకు జివ్వుమని కూడా అనిపించనంత తక్కువ కరెంటు ఒంట్లో పారినా ఐసీడీ దానిని వింటుంది. కరెంటు కారుతున్న వాషింగ్ మెషీన్‌ను తాకినప్పుడు ఆ 50 హెర్ట్జ్ సంకేతాన్ని గుండె అదుపు తప్పడంగా ఐసీడీ పొరబడిన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. అక్కడ తప్పు మోటారు క్షేత్రానిది కాదు, ఎర్తింగుది.

కాబట్టి పేస్‌మేకర్ ఉన్నవారు ఇంటికి రాకముందే, అసలు ప్రతి ఇంట్లోనూ, ఈ పనులు చేయించండి.

1. వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, గ్రైండర్, కూలర్, గీజర్, నీళ్ల మోటారు - వీటికి మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి. సాకెట్టులో ఎర్త్ వైరు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి.

2. ఎర్త్ లేనిచోట ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపి సరిపెట్టే పద్ధతి ఉంది. ఇది చాలా అపాయం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే వస్తువు బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. నీళ్ల పైపుకు కలపడం కూడా పనికిరాదు. ప్లాస్టిక్ పైపుకు ఎర్త్ ఉండదు.

3. ఎర్త్ గుంట వేసవిలో ఎండిపోకుండా నీళ్లు పోస్తూ ఉండండి.

4. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు కారితే అది క్షణంలో సరఫరా ఆపుతుంది. ఫ్యూజుకు, ఎంసీబీకి ఆ పని చేతకాదు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడండి.

5. ఇనుప కూలర్‌లో నీళ్లు పోసేటప్పుడు ముందు ప్లగ్గు తీయండి. స్విచ్ ఆపితే చాలదు.

6. "తాకితే కొంచెం జివ్వుమంటుంది, అలవాటే" అనే మాట మానండి. జివ్వుమనడం హెచ్చరిక. ఆ వస్తువును ఆ రోజే పక్కన పెట్టండి.

ఎవరికైనా షాకు కొడితే

ముందు మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే ఎండిన కర్రతో గానీ, ప్లాస్టిక్ కుర్చీతో గానీ వారిని తీగ నుండి విడదీయండి. ఒట్టి చేతులతో తాకవద్దు. ఇది ఇంట్లోని కరెంటుకు చెప్పిన మాట. తెగిపడిన స్తంభం వైరు దగ్గరకు మాత్రం వెళ్లవద్దు, కరెంటు ఆఫీసుకు చెప్పి సరఫరా ఆపించండి. 108కి ఫోను చేయండి. పిలిచినా పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి ఉంచి, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేవరకు ఆపవద్దు. పేస్‌మేకర్ ఉన్నా ఇలాగే చేయాలి. తేరుకున్నవారు కూడా స్పృహ తప్పి ఉంటే, ఛాతీ నొప్పి లేదా దడ ఉంటే, గర్భవతులైతే, పేస్‌మేకర్ లేదా ఐసీడీ ఉన్నవారైతే తప్పక ఆసుపత్రికి రావాలి.

మీరు అడిగే మరికొన్ని ప్రశ్నలు

ఈ క్షేత్రాల వలన క్యాన్సర్ వస్తుందా?
ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ప్రచురించిన నివేదికలో ఈ రకం అయస్కాంత క్షేత్రాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే వర్గంలో చేర్చింది. ఇళ్లలో రోజంతా సగటున 0.3 - 0.4 మైక్రోటెస్లాలకు మించి ఉన్నచోట పిల్లల రక్త క్యాన్సర్ కొంచెం ఎక్కువగా కనిపించిందన్నది దానికి ఆధారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో అంతా మళ్లీ పరిశీలించి, ఇదే కారణమని చెప్పేంత బలం ఆ ఆధారానికి లేదని తేల్చింది. మిగతా జబ్బుల విషయంలో ఆధారాలు ఇంకా బలహీనంగా ఉన్నాయని చెప్పింది. పైగా ఆ లెక్క రోజంతటి సగటుకు సంబంధించినది. పది నిమిషాలు వేసే మిక్సీ ఆ సగటును పెద్దగా మార్చదు.

క్షేత్రాన్ని ఆపుతాయని అమ్మే స్టిక్కర్లు, లోహపు రేకులు కొనవచ్చా?
వద్దు. స్టిక్కరు ఏమీ ఆపదు. పల్చని అల్యూమినియం రేకు 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని దాదాపు ఆపలేదు. ఆ డబ్బుతో మూడు పిన్నుల ప్లగ్గు కొనండి.

గర్భవతి కుట్టు మిషను మీద పనిచేయవచ్చా?
క్షేత్రం గురించి భయపడి మానవలసిన పని లేదు. ఎక్కువసేపు ఒకే భంగిమలో కూర్చోవడం వలన నడుము నొప్పి, కాళ్ల వాపు వస్తాయి. గంటకొకసారి లేచి నడవండి.

ఒక్క మాటలో

మోటారు క్షేత్రానికి జానెడు దూరం చాలు. కారే కరెంటుకు ఎర్తింగు కావాలి. పేస్‌మేకర్ అమర్చేది మంచంలో కూర్చోబెట్టడానికి కాదు, ఇంటి పనులలోకి, ఉపాధిలోకి తిరిగి పంపడానికి. మిక్సీ వేసుకోండి, ఫ్యాను కింద పడుకోండి, కుట్టు మిషను తీయండి. దానికి ముందు ఈరోజే మీ ఇంట్లో ప్రతి ప్లగ్గునూ ఒకసారి బయటికి తీసి, మూడో పిన్ను ఉందో లేదో చూడండి.